ఊరి చివరి చెత్తగుట్టకు జవాబుదారు ఎవరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పట్టణానికి వెళ్లి "ఊరి చెత్తంతా ఎక్కడ పోస్తారు?" అని అడిగినా, ఎవరో ఒకరు చెయ్యెత్తి ఒక దిక్కు చూపిస్తారు. ఒకచోట అది గెడ్డ గట్టు, ఇంకోచోట కొండ వార, మరోచోట ఏటి ఒడ్డు. శ్రీకాకుళంలో ఏళ్ల తరబడి నాగావళి ఒడ్డునే చెత్త పోశారు. మున్సిపాలిటీ ట్రాక్టర్లు వెళ్లేది అక్కడికే. వేసవిలో పొగ లేచేదీ, వానాకాలంలో నల్లనీరు కిందికి జారేదీ అక్కడి నుంచే. జనం దాన్ని డంపింగ్ యార్డు అంటారు, ఆఫీసు కాగితాల్లోనూ అదే పేరు. అయితే చెత్త గురించి దేశంలో ఉన్న నిబంధనలను మొదటి నుంచి చివరి దాకా చదివినా, అన్నీ కలిసిపోయిన చెత్తను తెచ్చి బయలు మీద కుమ్మరించి వదిలేయడానికి ఎక్కడా అనుమతి కనిపించదు. ఆ నిబంధనలు ఏమంటున్నాయో, మన నేల మీద అవి ఎలా పడతాయో, ఎవరిని ఏమడగాలో నిదానంగా చూద్దాం.

1996లో ఆల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు పట్టణాల చెత్త మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసు నడుస్తుండగా, 2000 సెప్టెంబరులో కేంద్రం మొదటిసారి మున్సిపల్ చెత్తకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 8న ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. వాటినీ తిరగరాసి చేసిన కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ వ్యాసంలో నేను ఎక్కువగా 2016 నిబంధనల గురించే మాట్లాడతాను. ఇప్పుడు మన కళ్ల ముందున్న గుట్టల్లో చాలాభాగం ఆ పదేళ్లలో పెరిగినదే. ఆ కాలపు కొలతతోనే వాటిని కొలవాలి.

చట్టం ఒప్పుకునేది శానిటరీ ల్యాండ్‌ఫిల్‌ను. అందులోకి వెళ్లాల్సింది కూడా అన్నీ అయ్యాక మిగిలినదే: కుళ్లనిది, తిరిగి వాడుకోవడానికి పనికిరానిది, కాల్చినా వేడి ఇవ్వనిది. కిలోకు 1500 కిలో కేలరీలు, అంతకు మించి వేడినిచ్చే చెత్తను ల్యాండ్‌ఫిల్‌లో పూడ్చకూడదని 2016 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కట్టే పద్ధతినీ అంతే వివరంగా రాశారు. అడుగున కనీసం 90 సెంటీమీటర్ల మందాన నీరు ఇంకని బంకమన్ను కుదించాలి. దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న హెచ్‌డీపీఈ షీటు పరవాలి. భూగర్భ జలం ఎంత పైకి లేచిన రోజైనా ఆ బంకమన్ను పొరకు కనీసం 2 మీటర్ల కిందే ఉండాలి. ఏ రోజు పోసిన చెత్తను ఆ రోజే 10 సెంటీమీటర్ల మన్నుతో కప్పాలి. వానలు మొదలయ్యే ముందు 40 నుంచి 65 సెంటీమీటర్ల మందాన మరో కప్పు వేయాలి. నిండిపోయి మూసేశాక కూడా 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే నీళ్ల వల్ల. తడిచెత్త కుళ్లేటప్పుడు దానిలోని నీరు కిందికి దిగుతుంది. పైన వాన పడితే ఆ నీరు మరింత పెరుగుతుంది. బ్యాటరీలు, రంగు డబ్బాలు, మందుల సీసాలు, పాడైన ట్యూబ్‌లైట్లు కలిసి ఉన్న గుట్టలోంచి దిగే ఆ నల్లనీరు భార లోహాలను కూడా మోసుకుపోతుంది. అదే లీచేట్. అడుగున అడ్డు లేకపోతే అది నేరుగా బావుల్లోకి చేరుతుంది. గుట్ట లోపల గాలి ఆడనిచోట మీథేన్ పుడుతుంది. వేసవిలో ఎవరూ అంటించకుండానే గుట్ట అంటుకోవడానికి అదొక కారణం. మన జిల్లాలకు తుపాన్లు కొత్త కావు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. అంత వాన ఒక్కసారి పడినప్పుడు కప్పులేని గుట్ట నుంచి ఏమేమి కొట్టుకుపోయి ఏ చెరువులో చేరిందో ఎవరూ కొలవలేదు.

ఇక ల్యాండ్‌ఫిల్ ఎక్కడ కట్టవచ్చు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, హైవేలకు, ఇళ్లకు, పార్కులకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు దూరం ఉండాలని 2016 నిబంధనల మొదటి షెడ్యూలు చెప్పింది. గత వందేళ్లలో వరద వచ్చినట్టు నమోదైన నేలలో, తీరప్రాంత నియంత్రణ పరిధిలో, చిత్తడి నేలల్లో కట్టకూడదు. అదీగాక 20 నుంచి 25 ఏళ్లకు సరిపడా స్థలం చూసుకోవాలి.

ఈ దూరాలను మన రెండు జిల్లాల పటం మీద పెట్టి చూడండి. నాగావళి, వంశధార, చంపావతి, మహేంద్రతనయ, బాహుదా, వాటి వరద నేలలు పోతాయి. ఊరికి రెండు మూడు చెరువులు, బందలు ఉన్న ప్రాంతం ఇది. ప్రతి చెరువు చుట్టూ 200 మీటర్ల గీత గీస్తే మైదానంలో మిగిలేది తక్కువ. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి నియంత్రణ పరిధి పోతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వంటి పక్షుల విడుదుల ఛాయలకు పోవడానికి లేదు. రెండు జిల్లాల గుండా సాగే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన కుదరదు. తీరపు ఇసుక నేలల్లో నీరు పైనే ఉంటుంది గనక రెండు మీటర్ల షరతు అక్కడ తేలిగ్గా నెగ్గదు.

దీనికి తోడు భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం వచ్చింది. చెత్త ఉన్నచోట గద్దలు, కాకులు, కొంగలు చేరతాయి, దిగే విమానానికి పక్షి అడ్డుపడితే ప్రాణాలకే ముప్పు. అందుకే విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల చెత్త వేయడాన్ని విమానయాన నియమాలు విడిగా నిషేధిస్తాయి. 10కీ 20కీ మధ్య కట్టాలంటే విమానయాన అధికారుల నిరభ్యంతర పత్రం కావాలి. భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ వైపు ఊళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి. విజయనగరం కార్పొరేషన్ కొత్త స్థలం వెతికే ప్రతిసారీ ఈ వలయాన్ని పటం మీద గీసి చూసుకోక తప్పదు.

గెడ్డ గురించి కూడా చెప్పాలి. ఉత్తరాంధ్రలో కొండనీటిని చెరువుకీ ఏటికీ చేర్చేది గెడ్డే. షెడ్యూలులో నది ఉంది, చెరువు ఉంది, గెడ్డ లేదు. ఎక్కడో కూర్చుని రాసినవారికి ఇది తెలియకపోవచ్చు. గెడ్డ గట్టున పోసిన చెత్త ఒక్క మంచి వానకు ఏ చెరువుకు చేరుతుందో స్థానికులకు తెలుసు. స్థలం పరిశీలనకు అధికారులు వచ్చినప్పుడు ఆ గెడ్డ ఎటు పారుతుందో చూపించి, ఆ మాటను కాగితం మీద రాయించాల్సింది ఊరివాళ్లే.

ఇన్ని దూరాలు తీసేశాక మిగిలేది సాధారణంగా ప్రభుత్వ భూమి. బంజరు, పోరంబోకు, గయాలు అని రికార్డుల్లో ఉన్నది. దాని పక్కన తరచుగా పేదల కాలనీ, పశువులు మేసే బీడు, డి-పట్టా సాగు ఉంటాయి. రికార్డులో బంజరు అని రాసినంత మాత్రాన నేల బంజరు కాదని శ్రీకాకుళం జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సోంపేట బీలను పనికిరాని భూమిగా చూపి థర్మల్ కేంద్రం కట్టబోతే, అది చిత్తడి నేల అనీ, దాని మీద వేల మంది బతుకుతున్నారనీ జనం నిలబడి చెప్పారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. చెత్తకు స్థలం వెతికేటప్పుడు రెవెన్యూ అధికారులు అడంగల్‌ను మాత్రమే చూసి తృప్తిపడకుండా నేలను కూడా చూడాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2016 నిబంధనల ప్రకారం ఎవరి బాధ్యత ఏమిటి? చెత్త తీసి, వేరుచేసి, శుద్ధి చేయాల్సింది మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్, అంటే కమిషనర్. రోజుకు 5 టన్నులకు మించిన చెత్తను శుద్ధి చేసే లేదా పూడ్చే కేంద్రం ఏదైనా సరే, కాలుష్య నియంత్రణ మండలి నుంచి అధికార పత్రం తీసుకోవాలి. దరఖాస్తు అందిన 60 రోజుల్లో మండలి నిర్ణయం చెప్పాలి. చుట్టుపక్కల బావుల నీటిని పరీక్షిస్తున్నారో లేదో చూడాల్సిందీ మండలే.

మూడో వ్యక్తిని జనం తరచుగా మరిచిపోతారు. కలెక్టర్. అనువైన స్థలాన్ని ఏడాదిలోగా గుర్తించి అప్పగించే బాధ్యతను, మూడు నెలలకు ఒకసారైనా స్థానిక సంస్థల పనితీరును సమీక్షించే బాధ్యతను 2016 నిబంధనలు కలెక్టర్ మీద పెట్టాయి. అదీగాక 5 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలన్నీ కలిసి ఉమ్మడి ల్యాండ్‌ఫిల్ కట్టుకోవాలని, దానికి మూడేళ్లు గడువని అందులోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం సుమారు 2 లక్షల 28 వేలు, శ్రీకాకుళం లక్షా పాతిక వేల పైచిలుకు. ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, బొబ్బిలి, రాజాం, నెల్లిమర్ల అంతకంటే చిన్నవి. అంటే మన పట్టణాలన్నీ ఈ ఉమ్మడి లెక్కలోకే వస్తాయి. ఉమ్మడిది అనగానే ఏ ఊరి పక్కన అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు ఏ కమిషనరూ తన ఊరి హద్దు దాటి జవాబు చెప్పలేడు. చెప్పగలిగింది కలెక్టరే.

పౌరుల పక్షాన అడగాల్సిన కౌన్సిల్ ఉంటే ఈ పనులు కొంత కదులుతాయి. శ్రీకాకుళం, విజయనగరం 2015లో కార్పొరేషన్లయ్యాయి. విజయనగరంలో 2021లో ఎన్నికలు జరిగాయి, శ్రీకాకుళంలో అప్పుడూ జరగలేదు. ప్రత్యేకాధికారి పాలనలో చెత్త ఎత్తడం ఆగదు. కానీ స్థలం మీద, రుసుము మీద, ఉపనిబంధనల మీద వాదించే వార్డు సభ్యుడు ఉండడు. ఇది చిన్న లోటు కాదు.

డబ్బు లేదన్న జవాబు చెల్లదని సుప్రీంకోర్టు చాలా ఏళ్ల క్రితమే తేల్చింది. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు సారాంశం అదే. పారిశుద్ధ్యం మున్సిపాలిటీ కనీస విధి, నిధుల కొరత దానికి సాకు కాదు. ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని మేజిస్ట్రేటు ఆదేశించే అధికారం ఆనాడు సీఆర్‌పీసీ 133వ సెక్షన్‌లో ఉండేది. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్. ఆర్డీవోకు ఒక అర్జీతో మొదలుపెట్టగలిగిన దారి అది. మన దగ్గర దాన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

జాతీయ హరిత ట్రిబ్యునల్ మరో అడుగు ముందుకేసింది. 2016 డిసెంబరులో బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించి, మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేల రూపాయల జరిమానా పెట్టింది. ఆ తర్వాత నిబంధనలు పాటించని స్థానిక సంస్థలు 2020 ఏప్రిల్ నుంచి నెలనెలా పర్యావరణ పరిహారం కట్టాలంది. 10 లక్షల జనాభా దాటిన నగరానికి నెలకు 10 లక్షలు, 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 5 లక్షలు, మిగతావాటికి లక్ష. మన పట్టణాలన్నీ లక్ష రూపాయల కోవలోవే. ఏడాదికి 12 లక్షలు. చిన్న మున్సిపాలిటీకి అది చిన్న మొత్తం కాదు. అయినా ఈ పద్ధతిలో నాకు ఒక ఇబ్బంది కనిపిస్తుంది. జరిమానా కట్టేది మళ్లీ పన్ను కట్టేవాళ్ల డబ్బుతోనే. గుట్ట మాత్రం కదలదు.

పాత గుట్టలను తొలగించడానికి లేదా కప్పేయడానికి 2016 నిబంధనలు ఐదేళ్లు ఇచ్చాయి. 2021 ఏప్రిల్‌తో ఆ గడువు తీరిపోయింది. 2024లో రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త పేరుకుపోయిందని కొత్త ప్రభుత్వమే ప్రకటించింది. దీన్ని తీయడానికి వాడే పద్ధతి బయోమైనింగ్. గుట్టను విడగొట్టి వరుసలుగా పోసి, కుళ్లబెట్టే ద్రావణం చల్లి, కొన్ని వారాలు తిరగేస్తూ ఆరనిస్తారు. తర్వాత తిరిగే జల్లెడల్లో వేస్తే మట్టిలాంటిది ఒకవైపు, రాళ్లూ పెంకులూ ఒకవైపు, ప్లాస్టిక్కూ గుడ్డపీలికలూ ఒకవైపు పడతాయి. ప్లాస్టిక్కు, పీలికలు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు ఇంధనంగా పోవాలి. స్వచ్ఛభారత్ రెండో దశలో ఈ పనికి టన్నుకు 550 రూపాయల లెక్క కట్టారు. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి సగం, లక్ష నుంచి 10 లక్షల దాకా ఉన్నదానికి మూడో వంతు కేంద్రం ఇస్తుంది. బిల్లు టన్నుల మీద నడుస్తుంది కాబట్టి జనం అడగాల్సింది కూడా టన్నుల గురించే. తూకం వేసిన రసీదులు ఉన్నాయా? ప్లాస్టిక్కు ఏ ఫ్యాక్టరీకి ఎన్ని లారీలు వెళ్లింది? జల్లించిన మట్టిని ఎక్కడ పోశారు? దానిలో లోహాలు ఉన్నాయేమో పరీక్ష చేయకుండా పొలాలకు వేయడం మంచిది కాదు. గుట్టను చదును చేసి పైన ఎర్రమట్టి కప్పి ఫొటో తీస్తే పని పూర్తయినట్టు కాదు.

పాతది తీస్తున్నకొద్దీ కొత్తది పోస్తుంటే ఈ ఖర్చంతా వృథా. మన పట్టణాల చెత్తలో ఇంచుమించు సగం తడిదే. దాన్ని వేరుగా ఉంచగలిగితే ల్యాండ్‌ఫిల్‌కు కావలసిన స్థలమే చాలా తగ్గిపోతుంది. లీచేట్‌కూ మీథేన్‌కూ మూలమైనది కూడా ఆ తడిచెత్తే. విజయనగరం జిల్లాలోనే బొబ్బిలి దీన్ని చేసి చూపించింది. ఇంటి దగ్గరే తడి, పొడి వేరుచేయించి, వానపాములతో ఎరువు తయారుచేసి, కంపోస్టు యార్డును పార్కులా తీర్చిదిద్ది చిన్న మున్సిపాలిటీ పేరు దేశమంతా వినిపించేలా చేసింది. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేకపోయింది. పెంటను గోతిలో వేసి గత్తం చేసి పొలానికి తోలడం ఈ ప్రాంతపు రైతుకు తరతరాలుగా తెలిసిన పనే. గత్తంలో ప్లాస్టిక్కు కలవకూడదన్న ఒక్క షరతునే బొబ్బిలి పట్టుదలగా అమలు చేసింది.

పలాస జీడిపరిశ్రమ కూడా ఇదే చెబుతుంది. పిక్క కొట్టాక మిగిలే తొక్కును అక్కడ ఎవరూ పారేయరు. నూనె తీయడానికీ, ఇంధనానికీ కొనేవాళ్లున్నారు. అది విడిగా, శుభ్రంగా దొరుకుతుంది గనకే దానికి ధర. అట్టపెట్టె అయినా, పాలప్యాకెట్టు అయినా అంతే. చారులో తడిసిన అట్టను ఏ పాత ఇనపసామాను కొట్టువాడూ తీసుకోడు.

చెత్త నుంచి కరెంటు అనే మాట కూడా పదేళ్లుగా వింటున్నాం. రాష్ట్రంలో ప్రతిపాదించిన ప్లాంట్ల జాబితాలో విజయనగరం పేరూ ఉండేది. నిలబడ్డవి విశాఖ దగ్గర కాపులుప్పాడలోనిది, గుంటూరు దగ్గరిది. అటువంటి ప్లాంటుకు రోజూ వందల టన్నుల ఎండు చెత్త కావాలి. చిన్న పట్టణాల తడిసిన చెత్తతో అది నడవదు.

ఇక రుసుము సంగతి. 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో ఇంటింటికీ నెలవారీ వసూలు వచ్చింది. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, కోపగించుకున్నారు. 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పేద ఇంటి మీద భారం తగ్గడం మంచిదే. కానీ ఆటోల డీజిలు, కార్మికుల జీతాలు, యార్డు నిర్వహణ ఎక్కడి నుంచి వస్తాయో బడ్జెట్‌లో కనపడాలి. కల్యాణ మండపాలు, హోటళ్లు, పెద్ద ఆస్పత్రుల నుంచి వాళ్లు పుట్టించే చెత్తకు తగ్గట్టు వసూలు చేయడం న్యాయమని నా అభిప్రాయం. 2026 నిబంధనలు ఆ వైపే నడిచాయి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది అని చెత్తను నాలుగుగా వేరుచేయమన్నాయి. వేరుచేయకుండా ల్యాండ్‌ఫిల్‌కు పంపే చెత్త మీద ఎక్కువ రుసుము పెట్టమన్నాయి.

పల్లెల్లో ఉపాధి హామీ నిధులతో కట్టిన చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు ఉన్నాయి. షెడ్డు కట్టారు, తొట్టెలు కట్టారు. అవి నడిచేది చెత్త సేకరించే పంచాయతీ హరిత రాయబారులకు నెలనెలా జీతం అందిన చోటే.

మీ ఊరి దగ్గర గుట్ట ఉంటే సమాచార హక్కు చట్టం కింద మూడు కాగితాలు అడగండి. యార్డుకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అధికార పత్రం, చుట్టుపక్కల బావుల నీటి పరీక్షల ఫలితాలు, మున్సిపాలిటీ మండలికి పంపిన వార్షిక నివేదిక. 30 రోజుల్లో జవాబు రావాలి. మొదటిది లేదని జవాబు వస్తే ఆ కాగితమే మీకు పెద్ద బలం. సోమవారం కలెక్టరేటు గ్రీవెన్స్‌కు దాన్ని జతచేసి, గత త్రైమాసిక సమీక్షలో మీ పట్టణం గురించి ఏమి రాశారో అడగవచ్చు. అక్కడా కదలకపోతే చెన్నైలో హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ఉంది. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. వివాదానికి కారణం పుట్టిన ఆరు నెలల్లోగా వెళ్లాలి.

కొత్తగా ఉమ్మడి ల్యాండ్‌ఫిల్ ప్రతిపాదన మీ మండలానికి వస్తే దానికి పర్యావరణ అనుమతి కావాలి, అందుకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, అందరికీ చూడటానికి దొరకాలి. ఆ రోజు మాట్లాడటంతో సరిపెట్టుకోకుండా, గెడ్డ పారే దారి, చెరువు దూరం, బావుల లోతు, పక్షులు దిగే కాలం రాసిన అభ్యంతర పత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. సభ చివర, జనం లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించి, ఆ తర్వాతే అధికారులు వాటి మీద సంతకం చేయాలి. చదవకుండా లేస్తే, చదవమని అక్కడే అడగండి.